ఒక గింజ తక్కువ

తెలుగు పాఠము చెప్పువారికి ఇరువది అంకెల సంఖ్యతో పనియేమి అని గణితశాఖలోని మా సహోపాధ్యాయులు నవ్వుచు అడిగినారు. పని కలదు. ఆ సంఖ్య మాకు గణిత గ్రంథములో తారసిల్లలేదు, పద్యములో తారసిల్లినది. పద్యము మా పాలిటి వస్తువు గనుక దానిలోని సంఖ్య కూడ కొంతవరకు మాదే అగును. మేము గణితమును పాఠశాలతోనే విడిచి, విశ్వవిద్యాలయములో తెలుగు ఎం.ఏ. చేసినవారము. అయినను గడచిన రెండు సంవత్సరములుగా ఈ ఒక్క సంఖ్య మమ్ము విడువలేదు. మా విద్యార్థులలో ఇద్దరిని అసలే విడువలేదు. ఆ వృత్తాంతమే ఈ వ్యాసము.

సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615.

దీనిని నోటితో చదువుట ఎట్లు? కోటి వరకు మనకు అలవాటున్నది. ఆపైన కోటిని కోటితో పెంచుకొనుచు పోవలెను. ఒక లక్ష ఎనుబది నాలుగు వేల నాలుగు వందల అరువది ఏడు కోట్ల కోట్లు. నలుబది నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బది కోట్లు. తొంబది ఐదు లక్షల ఏబది ఒక వేయి ఆరు వందల పదునైదు. చదివి ముగించునప్పటికి మొదలు మరచిపోవుదుము. కాని పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాల వచ్చినవాడు ఎన్నటికిని మరువడు.

మల్లన తెలుగులో మొదటి గణిత కవి. పదునొకండవ శతాబ్దివాడని సంప్రదాయము. ఆ పేరు గలవారు ఒకరా ఇద్దరా, తాతయా మనుమడా అని పండితులు నేటికిని వాదించుకొనుచునే ఉన్నారు. ఆ వాదము మనకిచట అక్కరలేదు. ఆయన తెనిగించినది మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, క్రీ.శ. 850 ప్రాంతమున రాష్ట్రకూట అమోఘవర్షుని ఏలుబడిలో ఉన్నవాడు. రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యులు మొదట మన బోధను నుండియే పాలించినారని చరిత్రకారులు చెప్పుదురు గనుక, ఆ గ్రంథము పుట్టిన రాజ్యమునకును మన చెరకు సీమకును దూరపు చుట్టరికమైనను కలదని మా సంతోషము. జినుని పేర ఉన్న ఉదాహరణల స్థానమున మల్లన శివుని పేర ఉదాహరణలు పెట్టినాడు. పేర్లు మారినవి, లెక్కలు మారలేదు.

చదరంగపు పలకలో అరువది నాలుగు గళ్లు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, నాలుగవ దానిలో ఎనిమిది, ఇట్లు రెట్టింపు చేయుచు పోయి అన్ని గళ్లను కూడినచో ఎన్ని గింజలు? చదరంగము కనిపెట్టినవాడు రాజును ఈ బహుమానము కోరెననియు, రాజు ఇంతేనా అని నవ్వి ధాన్యాగారము తెరపించి చిక్కుకొనెననియు కథ. క్రీ.శ. 1282లో గతించిన అరబ్బు చరిత్రకారుడు ఇబ్ను ఖల్లికాను ఈ కథను వ్రాసినాడు. మల్లన పద్యము రాజును గురించి కాని, బహుమానమును గురించి కాని పట్టించుకొనదు. నేరుగా మొత్తము చెప్పును.

ఎట్లు చెప్పును? అంకెలకు బదులు వస్తువుల పేర్లు పెట్టి చెప్పును. ఆకాశము శూన్యము, చంద్రుడు ఒకటి, అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణములు ఐదు, కులపర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది. దీనికి భూతసంఖ్యలని పేరు. ఒక అంకెకు పది పర్యాయపదములున్నవి గనుక ఛందస్సుకు ఏది ఇమిడిన దానిని కవి ఎన్నుకొనును. మన సంఖ్యలో ఒకట్లు మూడు. మూడు చోట్లను చంద్రుడే, మూడు వేరు వేరు పేర్లతో. ఏడులు మూడు, మూడును పర్వతములే. శూన్యములు రెండు; రెండును ఆకాశములే. నాలుగులు మాత్రము నాలుగు: రెండు మారులు సముద్రము, ఒకమారు వేదము, ఒకమారు బ్రహ్మ ముఖములు. ఇరువది అంకెలును మూడవ పాదపు ఆరంభమునకే ముగిసి, మిగిలిన పాదమున్నర ఇది చదరంగపు గళ్ల మొత్తము సుమా అని చెప్పుటకు వినియోగపడినది.

ఇందులో ఒక వింత కలదు. ఈ సంఖ్యలో రెండు అను అంకె ఒక్కచోట కూడ లేదు. రెండును రెండుతో హెచ్చించి హెచ్చించి కట్టిన మేడలో రెండు లేకపోవుట యాదృచ్ఛికమే కాని, తరగతిలో చెప్పినప్పుడు వెనుక బల్లలవారు సైతము తల లెత్తినారు.

అంకెలు ఎడమకు నడచునని శాస్త్రము. పద్యములో మొదట వచ్చునది ఒకట్ల స్థానము, తరువాత పదులు, తరువాత వందలు. తెలుగు మాధ్యమము పిల్లలకు ఇది తలక్రిందులుగా తోచినది. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చినవారికి ఏ మాత్రము వింతగా తోచలేదు. కుడి నుండి వ్రాసికొనుచు పోయినారు, ముందుగా ముగించినారు. ద్వితీయ భాషగా తెలుగు చదువు పిల్లలు తెలుగు పద్యములో ముందు నిలిచిన గంట అది. వారికి అబ్జదు లెక్క కూడ తెలియును. అలిఫ్ ఒకటి, బే రెండు, యే పది, ఖాఫ్ నూరు, గైన్ వేయి. అక్షరముల విలువలు కూడి ఒక చరణములో పుట్టిన సంవత్సరమో గతించిన సంవత్సరమో ఇమిడ్చి చెప్పు విద్య ఉర్దూ కవులకు కరతలామలకము. భేద మేమనగా అబ్జదులో అక్షరమునకు స్థానబలము లేదు. ఎక్కడ ఉన్నను దాని విలువ అదే. భూతసంఖ్యలో చంద్రుడు మొదట నిలిచిన ఒకటి, ఇరువదవచోట నిలిచిన లక్ష కోట్ల కోట్లు. ఇరువది అంకెల సంఖ్యను అబ్జదు మోయుట కష్టము. చంపకమాల సునాయాసముగా మోసినది.

అయితే చంపకమాలలో ఒక గొయ్యి కలదు. మొదటి పాదము చివర పర్వతమను అర్థమిచ్చు పదము సగమునకు విరిగి, మిగిలిన సగము రెండవ పాదములో పడినది. విరిగిన మొదటి ముక్కకు భూమి అని అర్థము. భూమి యన్నను ఒకటియే. ఒక విద్యార్థి ఆ ముక్కను ఒకటిగా లెక్కించి, దాని ప్రక్కన ఏడు కూడ ఉంచి, ఇరువదియొక్క అంకెలు తెచ్చినాడు. తెచ్చి, తనదే ఒప్పని పట్టుపట్టినాడు. అతడు బోధను ప్రాంతపు చెరకు రైతు కుమారుడు, లెక్కలలో దిట్ట. పద్యము తెలియుట వేరు, సంఖ్య తెలియుట వేరు కదా సార్, ఇరువది అని మీరు చెప్పుటయే గాని ఋజువేది అని అడిగినాడు. అడిగినవాడు లెక్కలలో దిట్ట, మేము తెలుగు అధ్యాపకులము. సమాధానము వారాంతమునకు వాయిదా పడినది.

ఆ వారాంతమున విద్యార్థులతో కందకుర్తికి విహారయాత్ర ఏర్పాటయి ఉండెను. కందకుర్తి మా స్వగ్రామము. మహారాష్ట్రమును దాటి వచ్చిన గోదావరి తెలంగాణలో అడుగిడుచోటు అదే. అచటనే మంజీర, హరిద్ర వచ్చి కలియును. నీరు తీసిన దినములలో ఇసుక విశాలముగా బయటపడును. వరదలో మునుగు రాతి గుడి తేలి నిలుచును. చదరంగపు పలక గీయుటకు అంతకన్న మంచి నేల లేదు. చెరకు గడతో ఇసుకలో ఎనిమిది వరుసలు, ఎనిమిది నిలువులు గీసినాము.

చెరకు రైతు కుమారుడు పుస్తకము తెరచి గడి తరువాత గడి రెట్టింపు చేయుట మొదలిడినాడు. నిజామాబాదు నుండి వచ్చు ఉర్దూ మాధ్యమపు విద్యార్థిని ఒకతె వేరుగా కూర్చున్నది. ఆమెకు మేము ముందటి రాత్రి అల్ బిరూనీ ఉపాయము చెప్పి ఉంటిమి. కితాబుల్ హింద్ వ్రాసిన ఆ మహాపండితుడే అంతకు పూర్వము, క్రీ.శ. 1000 ప్రాంతమున, ఆసారుల్ బాఖియా అను గ్రంథములో ఈ చదరంగపు లెక్కను చేసినాడు. మల్లనకు కొంచెము ముందు, వేల క్రోసుల దూరమున, అదే పలక, అవే గింజలు. బిరూనీకి గడి గడికి నడచు ఓపిక లేదు. రెండు సూత్రములు చెప్పినాడు.

మొదటిది: ఏ గడిలోని సంఖ్యనైనను దానితోనే గుణించినచో, మొదటి గడి నుండి ఆ గడి ఎంత దూరమో, అంతే దూరము ముందుకు పోయిన చోటి సంఖ్య వచ్చును. ఐదవ గడిలో 16. పదునారు పదునార్లు 256. అది తొమ్మిదవ గడి. రెండవది: ఏ గడిలోని సంఖ్య నుండి ఒకటి తీసినను దానికి వెనుకనున్న గళ్లన్నిటి మొత్తము వచ్చును. ఆరవ గడిలో 32. ఒకటి తీసిన 31. అది 1, 2, 4, 8, 16ల మొత్తము. ఇంతే. రెండవ గడిలోని 2 నుండి బయలుదేరి 4, 16, 256, 65,536, ఆపైన ముప్పది మూడవ గడిలోని 4,29,49,67,296. దీనిని దీనితోనే గుణించినచో అరువది ఐదవ గడి. పలకలో అరువది ఐదవ గడి లేదు. ఉన్నట్లు భావించి, ఒకటి తీసివేయవలెను. అరువది నాలుగు మెట్లకు బదులు ఆరు గుణకారములు, ఒక తీసివేత.

ఆమె గుణకారములో ఆరవది పుటలో సగము పట్టినది. ఆమె ముగించి లేచునప్పటికి అతడు నలుబదియొకటవ గడిలో చిక్కుకొని ఉన్నాడు. అంతవరకు వ్రాసినవానిని తొమ్మిదుల లెక్కతో పరీక్షింపుమని మా సహోపాధ్యాయులు చెప్పినారు. సంఖ్యలోని అంకెలన్నియు కూడి, వచ్చినదానిని మరల కూడి, ఒక్క అంకె మిగులువరకు పోవలెను. రెట్టింపుల వరుసలో ఆ ఒక్క అంకె 1, 2, 4, 8, 7, 5 అని ఆరు గళ్లకొకసారి తిరుగుచుండును. మూడు, ఆరు, తొమ్మిది ఎన్నడును రావు. అతని నలుబదియొకటవ గడిలో ఆరు వచ్చినది. ఏడు రావలసినచోట ఆరు వచ్చినదనగా ఎక్కడనో ఒకచోట చేత ఉంచుకొన్న ఒకటిని కలుపుట మరచినాడన్నమాట. వెదకి పట్టినాడు. మిగిలిన ఇరువది మూడు గళ్లు మౌనముగా చేసినాడు. ఇద్దరి మొత్తములును ఒక్కటే. రెండును ఇరువది అంకెలే.

అయినను అతని ప్రశ్నకు అసలు సమాధానము ఆ మొత్తములో లేదు, పలకలో ఉన్నదని మా సహోపాధ్యాయులు చూపినారు. మాకు ఆనాడు కలిగిన ఆనందము పద్యము చదివిననాడు సైతము కలుగలేదు.

ఇసుకలో గీసిన పలక ముందర నిలబడి చూడుడు. మొదటి రెండు గళ్లు కలిసి 1, 2, అనగా 3. తరువాతి రెండు 4, 8, అనగా 12, మూడు నాలుగులు. ఆ తరువాతి రెండు 48. ఏ జంటను పట్టుకొన్నను మూడుతో నిశ్శేషముగా భాగింపబడును. పలకలో ముప్పది రెండు జంటలు. కావున మొత్తము మూడుతో తెగి తీరవలెను. మల్లన అంకెలు కూడి చూడుడు: 87. మూడు ఇరువది తొమ్మిదులు. ఆ ఇరువదియొక్క అంకెల సంఖ్యలో అంకెల మొత్తము 88, మూడుతో తెగదు. పద్యము ముట్టకయే, గుణకారము చేయకయే, ఇసుకలో రెండు గళ్లు చూపి ఆ పాఠము తప్పని తేల్చవచ్చును. విరిగిన పదమును సరిగా అతుకుటకు వ్యాకరణము సాక్ష్యము చెప్పుట మేమెరుగుదుము. మూడుతో భాగహారము వచ్చి సాక్ష్యము చెప్పుట మాకు అదే మొదలు.

జంటను వదలి వరుసను చూతము. మొదటి వరుసలోని ఎనిమిది గళ్ల మొత్తము 255. రెండవ వరుస దానికి 256 రెట్లు, మూడవ వరుస మరల దానికి 256 రెట్లు. కావున పలకయంతయు 255తో తెగును. 255 అనగా 3, 5, 17ల గుణకారము. రెండు వరుసలు కలిసి 65,535. అది 255, 257ల గుణకారము. సగము పలక, అనగా నాలుగు వరుసలు, 4,29,49,67,295. అది 65,535, 65,537ల గుణకారము. పూర్తి పలక ఆ సగమును 4,29,49,67,297తో గుణించిన వచ్చును. ఒక్కొక్కసారి పలకను రెండింతలు చేయునప్పుడు లోపల ఒక కొత్త కారణాంకము వచ్చి కూర్చుండుచున్నది: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297.

ఈ వరుసకు ఫ్రెంచి న్యాయవాది ఫెర్మా పేరు కలదు. ఇవన్నియు ప్రధానసంఖ్యలే, అనగా ఒకటితోను తమతోను తప్ప దేనితోను తెగనివే యని ఆయన 1640లో విశ్వసించినాడు. మొదటి ఐదింటి మాట నిజము. ఆరవది 4,29,49,67,297 దగ్గర తొంబది రెండు సంవత్సరములు ఎవరును కదలింపలేకపోయినారు. 1732లో ఇరువది ఐదేండ్ల ఆయిలర్ అది 641తో తెగునని చూపినాడు. 641ని 67,00,417తో గుణించినచో అదే వచ్చును. ఎవరైనను చేసి చూచుకొనవచ్చును. అదియేమి చిత్రమోగాని 641 రెండు ముఖములు గల సంఖ్య: 5ను 128తో గుణించి ఒకటి కలిపినను అదే, 625కు 16 కలిపినను అదే. ఆ రెండు ముఖములను కలిపియే నేటి పాఠ్యగ్రంథములలో రెండు పంక్తుల ఋజువు చేయుదురు.

కావున మల్లన పద్యములోని సంఖ్యను పూర్తిగా విప్పినచో ఏడు ప్రధానసంఖ్యలు బయటపడును: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కటియు రెండవమారు రాదు. ఏడింటిలో ఏవి కావలసిన అవి ఏరి గుణించుకొనవచ్చును గనుక దీనికి సరిగా 128 భాజకములు. ఏడుతో మాత్రము తెగదు. ఏడుగురికి పంచినచో ఒక గింజ మిగులును. పదిహేడుగురికి పంచినచో మిగులదు. పదిహేడు భుజముల సమబహుభుజిని బద్దతోను వృత్తలేఖినితోను గీయవచ్చునని గాస్ 1796లో కనుగొన్నప్పుడు అతనికి ఇరువదేండ్లు కూడ నిండలేదు. ఆ పదిహేడును మన పలక మొదటి వరుసలో ఉన్న పదిహేడును ఒక్కటే. ఆ రీతిని గీయదగిన బేసి భుజముల బహుభుజులలో నేటికి తెలిసిన పెద్దదానికి ఎన్ని భుజములో తెలియునా? సగము పలకలో ఎన్ని గింజలో అన్ని.

ఇప్పుడు అసలు మాటకు వత్తుము. ఇదంతయు ఒక గింజ తీసివేయుట వలన వచ్చినది. అరువది ఐదవ గడిలోని సంఖ్య చివర 616. దానిలో రెండు తప్ప వేరు ప్రధానసంఖ్య లేదు. ఎంత చీల్చినను రెండే. దానినుండి ఒక్క గింజ తీసినంతనే రెండు పూర్తిగా తొలగి, ఏడు కొత్త సంఖ్యలు వచ్చి నిలుచుచున్నవి. కోట్ల కోట్లలో ఒక్కటి!

ఆ ఒక్కటిని మన పిల్లల చేతిలోని క్యాలిక్యులేటరు చూపలేదు. రెండును అరువది నాలుగు మారులు హెచ్చింపుమన్నచో మొదటి పది అంకెలు చూపి, మిగిలినవానికి బదులు పది పక్కన చిన్నదిగా 19 వేసి ఊరకుండును. ఒకటి తీసివేయుమన్నను అదే చూపును. ఒకటి తీసినను ఏమియు మారలేదు సార్ అని ఆ రైతు బిడ్డ నవ్వినాడు. ఆ నవ్వు మాకు మా దాదాగారిని జ్ఞప్తికి తెచ్చినది.

మా దాదాగారు ఉర్దూ రఖములలో, అనగా అరబ్బు మాటల పొట్టి గుర్తులతో పద్దులు వ్రాసిన కాలపువారు. నది ఆవలి గట్టున ఒక ప్రైవేటు చెరకు కాటా వద్ద కొన్ని సీజనులు లెక్కలు వ్రాసినారు. దాని పేరు ఇచట అనవసరము. బండి తూకములో చివరి అంకెను కొట్టివేయుట అచటి ఆచారము. ఇరువది ఏడు ఉన్న చోట ఇరువది వ్రాయుదురు. ఏడు కిలోలకు రైతు తగవుపడడు. వెనుక బండ్లు నిలిచి ఉండును, ఎద్దులు ఎండలో ఉండును. దాదాగారు అధికారుల పుస్తకములో వారు చెప్పినట్లే వ్రాసి, ఇంటికి వచ్చి కొట్టివేసిన అంకెలను వేరొక చిట్టీలో రఖములలో వ్రాసి ఉంచెడివారు. దానా దానా హిసాబ్ మే ఆనా అనెడివారు. బండికి సగటున నాలుగున్నర కిలోలు పోయినవనుకొందము. దినమునకు రెండు వందల బండ్లు, నూటయిరువది దినములు. లక్షా ఎనిమిది వేల కిలోలు, అనగా నూట ఎనిమిది టన్నుల చెరకు. చిన్న అంకెల స్థానములో జరిగినది గనుక ఎవరి కంటను పడలేదు. ఆ చిట్టీలను దాదాగారు బ్రతికి ఉండగా ఎవరును అడుగలేదు. మేము చదువుటకు మాకు రఖములు రావు. వాటిని ఎవరిచేతనైన చదివింపవలెనని ఉన్నది.

ఈ ప్రస్తావనకు ఇసుక మీద ఉన్న పిల్లలు కొంతసేపు మాటలాడలేదు. చివరకు ఆ విద్యార్థినియే, ఈ ఇసుక రేణువులు మన సంఖ్యకు సరిపోవునా సార్ అని అడిగినది.

లెక్కకట్టినాము. రేణువు వెడల్పు అర మిల్లీమీటరు అనుకొని, నడుమ సందులు లేవనుకొన్నచో, ఘన మీటరు ఇసుకలో ఎనిమిది వందల కోట్ల రేణువులు. మన సంఖ్యకు కావలసినది సుమారు 230 కోట్ల ఘన మీటర్ల ఇసుక. ఒక కిలోమీటరు వెడల్పున, పది మీటర్ల లోతున పరచినచో 230 కిలోమీటర్ల పొడవు సాగును. కందకుర్తి నుండి సరళరేఖలో కొలిచినచో ధర్మపురిని దాటిపోవును. ఇంకొక విధముగ చూడవచ్చును. కందకుర్తి వరకు వెనుకజలాలు ఎక్కివచ్చు శ్రీరాంసాగరు జలాశయమున్నది కదా. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు నిల్వ సామర్థ్యము మొదట 112 టి.ఎం.సి.లు. మన ఇసుక 81 టి.ఎం.సి.ల పైచిలుకు. పూడిక పేరుకొని ఆ జలాశయములో నేడు మిగిలిన చోటు ఎనుబది చిల్లర. అనగా మల్లన సంఖ్య అన్ని రేణువులు శ్రీరాంసాగరును నిండుగా పూడ్చి కొంచెము మిగులును. పూడికలో పోయిన ముప్పది పైచిలుకు టి.ఎం.సి.ల చోటున ఇప్పటికే ఎన్ని గళ్లు నిండినవో మీరే గుణించుకొనుడు. ఒక్క సూచన: పలకలో చివరి గడి ఒక్కటే మొత్తములో సగము.

బియ్యపు గింజలతో చూచినచో సంఖ్య మరింత భయపెట్టును. గ్రాముకు ఏబది గింజలనుకొన్నచో దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతయు ఏటా పండించు బియ్యము ఏబది కోట్ల టన్నుల పైన. ఏడు వందల యేండ్ల పంట! చక్కెర పలుకులు వేయింటికి గ్రాము అనుకొన్నచో 1,844 కోట్ల టన్నులు, నేటి ప్రపంచపు ఉత్పత్తి లెక్కన నూరేండ్ల చక్కెర. శక్కర్‌నగరులో 1937లో నెలకొల్పబడి, మన ప్రాంతమున మూడు తరముల అన్నము పెట్టి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారపు పాత పొగగొట్టములను చూచుచు పెరిగిన పిల్లలు ఆ అంకెను వ్రాసికొని ఏమియు అనలేదు. క్షణమునకొక గింజ చొప్పున లెక్కించువాడు ముగించుటకు 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము వయస్సు 1,380 కోట్లని శాస్త్రజ్ఞుల మాట. ఇట్టి పోలికలు ఎన్నియైనను చెప్పవచ్చును, కాని రెండు చెప్పినపిమ్మట మూడవది ఎవరును వినరు.

ఒక్కటి మాత్రము చెప్పి విడిచెదము. నేటి గణనయంత్రములు, చరవాణులతో సహా, సంఖ్యలను అరువది నాలుగు గళ్లలో దాచుకొనును. గడికి ఒకటియో శూన్యమో. గళ్లన్నిటిలోను ఒకట్లే ఉన్నచో ఆ సంఖ్య సరిగా మల్లన పద్యములోని సంఖ్యయే. అంతకు మించినది ఆ గళ్లలో ఇమడదు. మరొక్కటి కలిపినంతనే, కాటా మీది మీటరు తొమ్మిదులన్నియు దాటి సున్నలకు తిరిగినట్లు, అన్ని గళ్లును శూన్యమగును. రాజుగారి ధాన్యాగారమునకు పట్టని సంఖ్య నేడు పిల్లవాని జేబులో పట్టుచున్నది.

కళాశాల పాలక సంఘము పెద్దలకు ఇచటనే ఒక విన్నపము. మా గ్రంథాలయములో పావులూరి గణితమును, బిరూనీ గ్రంథములకు ఉర్దూ అనువాదములను ప్రక్కప్రక్కన ఉంచుటకు ఒక అర కేటాయించినచో చాలును. ఇరు మాధ్యమముల పిల్లలును ఒకే బల్ల దగ్గరకు వచ్చుటకు అంతకన్న తక్కువ ఖర్చు మార్గము మాకు తోచలేదు.

మా ఇద్దరు విద్యార్థులును ఇప్పుడు వేరొక సంఖ్య మీద ఉన్నారు. అరువది ఐదవ గడి నుండి ఒకటి తీసినచో ఏడు ముక్కలయినది కదా. ఒకటి కలిపినచో ఏమగును? అది ఫెర్మా వరుసలో ఏడవది. 1880లో లాండ్రీ అను ఫ్రెంచివాడు, ఎనుబది రెండేండ్ల వయస్సులో, అది 2,74,177తో తెగునని కనుగొన్నాడు. జవాబు తెలిసిన లెక్కయే. అయినను అమ్మాయి యంత్రము ముట్టకుండ కాగితము మీదనే భాగించెదనని కూర్చున్నది; అబ్బాయి ప్రక్కన తొమ్మిదుల లెక్క చూచుచున్నాడు. నిన్నటికి భాగహారము మూడవ పుటలోనికి వచ్చినది. శేషము ఇంకను మిగిలియే ఉన్నది.